ఫొటో ఎడిటింగ్ పోటీల్లో మారిన రూల్స్, మారిన పేజీలు: గోదావరి డెల్టా ఎడిటర్‌కి తేడా ఎక్కడ పడుతోంది?

క్లుప్తంగా: ఆన్‌లైన్ ఫొటో ఎడిటింగ్ పోటీల్లో కొన్నేళ్లుగా రెండు రకాల మార్పులు కలిసి నడుస్తున్నాయి. ఏఐ వాడకం, అసలు ఫైళ్ల రుజువు మీద కొత్త నియమాలు వచ్చాయి. ఓటు లెక్క, పేజీ రూపం కూడా మారుతున్నాయి. చర్చంతా మొదటిదాని మీదే నడుస్తుంది, రెండోది చడీచప్పుడు లేకుండా ర్యాంకులు మార్చేస్తుంది. ఫోన్‌లోనే పని చేసేవారికి ఈ రెండూ కలిసి అడ్డుపడేది రుజువు ఫైలు దగ్గర.

రాజమండ్రి, భీమవరం, అమలాపురం, పాలకొల్లు లాంటి ఊళ్లలో ఫొటోషాప్ అంటే చాలామందికి బతుకుతెరువు. పెళ్లి ఆల్బమ్ పేజీలు, పుట్టినరోజు బ్యానర్లు, సంక్రాంతి ముందు వచ్చి పడే ఫ్లెక్సీ ఆర్డర్లు, ఫొటో కటింగ్, కలర్ కరెక్షన్. షాపు పని అయిపోయాక అదే పనితనాన్ని ఆన్‌లైన్ పోటీల్లో పరీక్షించుకునేవారు ఉంటారు. కంప్యూటర్ లేకుండా పిక్సెల్‌ల్యాబ్, స్నాప్‌సీడ్, పిక్స్‌ఆర్ట్ లాంటి యాప్‌లతో ఫోన్‌లోనే మంచి పోస్టర్లు చేసే కాలేజీ కుర్రాళ్లూ ఉన్నారు. నిరుడు ఆమోదించిన తరహా ఎంట్రీని ఈసారి ఎందుకు తిప్పి పంపారు, ఎక్కువ మార్కులు పడ్డ బొమ్మ ఎందుకు కిందికి దిగింది అనే అయోమయం వీళ్లందరిదీ. ఒక్కొక్కటిగా విడదీసి చూస్తేనే అది తేలుతుంది.

## పోటీల పాత స్వరూపం

ఇలాంటి పోటీలు కొత్తవేమీ కావు. ఫొటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చింది, లేయర్లు 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మను విడిగా పేర్చి, తర్వాత కావాలంటే జరుపుకోవచ్చన్న ఆ సౌకర్యమే పోటీ ఎడిటింగ్‌కు పునాది. 2002లో మొదలైన వర్త్1000 అనే సైటు దాన్ని రోజువారీ పోటీగా మార్చింది. ఒక అంశం ఇస్తారు, ఎవరికి తోచినట్టు వాళ్లు బొమ్మలు కలిపి కొత్త దృశ్యం చేస్తారు, సభ్యులు ఓట్లు వేస్తారు. 2013లో ఆ సైటు డిజైన్‌క్రౌడ్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. రెడిట్ అనే చర్చల సైటులో ఫొటోషాప్ బ్యాటిల్స్ పేరుతో అదే ఆట ఇంకో రూపంలో నడుస్తోంది. అక్కడ ఒకే ఫొటో అందరికీ ఇస్తారు.

డీపీఛాలెంజ్ అనే ఫొటో పోటీల సైటుది వేరే దారి. అది ఎంత ఎడిటింగ్ చేయొచ్చో మెట్లుగా విడగొట్టింది. ఒక పోటీలో దాదాపు ఏమీ ముట్టుకోకూడదు, ఇంకో పోటీలో మామూలు సవరణలు, మరో దాంట్లో దాదాపు ఏదైనా చేయొచ్చు. అనుమానం వస్తే కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలు పంపాలి. ఇప్పుడు మిగతా చోట్ల వస్తున్న కొత్త రూల్స్ చాలావరకు ఈ పాత పద్ధతికి కొనసాగింపే.

## కొబ్బరాకు అంచు దగ్గర ఏం మారింది

పనిముట్లు ఎలా మారాయో తెలియాలంటే ఒక్క ఫొటో చాలు. కోటిపల్లి రేవులో పంటు (మనుషుల్ని గోదావరి దాటించే పడవ) మీద నుంచి ముక్తేశ్వరం గట్టు వైపు తీసింది అనుకుందాం. మధ్యాహ్నం ఎండ, తెల్లగా వెలిసిపోయిన ఆకాశం, గట్టు పొడవునా కొబ్బరి చెట్లు, ముందు గోధుమరంగు గౌతమి పాయ. పోటీ వాళ్లు ఇచ్చిన పని ఈ దృశ్యాన్ని సాయంత్రంగా మార్చడం.

పాత రోజుల్లో ఈ పనిలో చుక్కలు చూపించేది కొబ్బరాకే. ఒక్కో మట్టకు రెండు పక్కలా సన్నటి ఆకులు, వాటి సందుల్లోంచి ఆకాశం. పెన్ టూల్‌తో ఒక్కొక్కటీ గీస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకని పని తెలిసినవాళ్లు ఫొటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను విడివిడిగా చూపించే ఛానెల్స్ ప్యానెల్‌కి వెళ్లేవారు. బ్లూ ఛానెల్ ఒక్కటే తెరిస్తే ఆకాశం తెల్లగా, ఆకులు నల్లగా కనిపిస్తాయి. దానికో కాపీ తీసి, లెవల్స్‌తో తెలుపును ఇంకా తెల్లగా, నలుపును ఇంకా నల్లగా లాగి, మధ్యలో మిగిలిన బూడిదరంగు మచ్చలను బ్రష్‌తో సరిచేసి, దాన్నే మాస్క్‌గా, అంటే ఏ భాగం కనిపించాలో ఏది దాగాలో చెప్పే ముసుగుగా, వాడతారు. అప్పుడు కొత్త ఆకాశం ఆకుల వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. అంత చేసినా ఆకు అంచున సన్నటి తెల్లగీత మిగిలితే చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ గీత లేకపోవడమే చాలాకాలం పనితనానికి గుర్తు. మార్కులు వేసేవాళ్లు బొమ్మను పెద్దది చేసి ముందు చూసేది ఆ అంచునే.

2020 అక్టోబరులో ఫొటోషాప్‌లోకి ఆకాశాన్ని తనంతట తానే మార్చే స్కై రీప్లేస్‌మెంట్ వచ్చింది. గంటల పని ఒక మెనూలోకి వెళ్లిపోయింది. 2023 మే నెలలో జెనరేటివ్ ఫిల్ బీటాగా వచ్చి, అదే ఏడాది సెప్టెంబరులో మామూలు వెర్షన్‌లో చేరింది. దానికి ఫొటోలో చోటు చూపించి 'ఇక్కడో పడవ' అని రాస్తే చాలు, పడవ వస్తుంది. ఇక ఆకు అంచు శుభ్రంగా ఉందంటే దాని వెనక గంటల పని ఉందో, ఒక్క క్లిక్ ఉందో బొమ్మను బట్టి చెప్పలేం. మార్కులు వేసేవారికి అలవాటైన కొలబద్ద పనికిరాకుండా పోయింది. రూల్స్ మారడానికి అసలు కారణం ఇక్కడుంది.

అయితే పనిలో కష్టమంతా పోలేదు. పైన ఆకాశం ఎర్రబడినా, పంటులో నిలబడ్డ మనుషుల నీడలు మధ్యాహ్నంలాగే పొట్టిగా కాళ్ల దగ్గరే ఉంటాయి. సాయంత్రం అయితే అవి పొడుగ్గా ఒక పక్కకు సాగాలి. నీటి మీద మెరుపు కూడా సూర్యుడి కింద నిలువుగా దారి కట్టినట్టు రావాలి. వెలుగు గురించిన ఈ తెలివిడి ఇంకా మనిషి దగ్గరే ఎక్కువ. ఇప్పుడు మార్కులు వేయడం తెలిసినవాళ్లు ముందుగా నీడలు చూస్తారు, అంచుల సంగతి ఆ తర్వాత.

## కొత్త రూల్ అడిగేది రుజువు

సంక్రాంతి ముగ్గుల పోటీతో పోల్చి చూస్తే విషయం తేలిగ్గా బోధపడుతుంది. రోడ్డు మీద గళ్లు గీసి, ఒక్కొక్కరికి ఒక గడి ఇచ్చి, టైమ్ పెడతారు. చుక్కలు పెట్టడం దగ్గర్నుంచి రంగులు నింపడం దాకా అందరి ముందూ జరుగుతుంది. చిల్లుల గొట్టం దొర్లించి ముగ్గు వేస్తే అక్కడికక్కడే కనిపిస్తుంది. ఎడిటింగ్ పోటీలో ఆ వీలు లేదు. పని నాలుగు గోడల మధ్య జరుగుతుంది, బయటికి వచ్చేది చివరి బొమ్మ ఒక్కటే. అందుకే నిర్వాహకులు పని జరిగిన దారిని కూడా చూపించమంటున్నారు. వాడిన సోర్స్ ఫొటోలు, లేయర్లు విడిగా ఉన్న పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత) ఫైలు, మధ్యలో తీసిన స్క్రీన్‌షాట్లు, ఒక్కోచోట స్క్రీన్ రికార్డింగ్.

ఈ మలుపు వెనక బాగా చర్చకు వచ్చిన సంఘటనలు మూడున్నాయి. 2022లో అమెరికాలోని కొలరాడో స్టేట్ ఫెయిర్‌లో జేసన్ అలెన్ అనే వ్యక్తి మిడ్‌జర్నీ అనే ఏఐ టూల్‌తో చేసిన బొమ్మకు డిజిటల్ ఆర్ట్ విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. ఎంట్రీ మీద మిడ్‌జర్నీ పేరు రాసే ఉంది. అప్పటి రూల్ ప్రకారం తప్పేమీ జరగలేదు. 2023 ఏప్రిల్‌లో బోరిస్ ఎల్డాగ్‌సెన్ అనే జర్మన్ కళాకారుడు సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో తన ఎంట్రీకి వచ్చిన బహుమతిని తిరస్కరించాడు. అది ఏఐతో పుట్టించిన బొమ్మ అని తనే చెప్పాడు. 2024లో దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్ ఒక ఫ్లెమింగో పక్షి నిజమైన ఫొటోను ఏఐ విభాగంలో పంపితే దానికి బహుమతి వచ్చింది, సంగతి బయటపడ్డాక రద్దయింది. బొమ్మ ఒక్కటే చూసి నిపుణులైన న్యాయనిర్ణేతలు కూడా తేల్చుకోలేరని ఆ ఫ్లెమింగో ఫొటో స్పష్టంగా చూపించింది.

ఏఐని పట్టే సాఫ్ట్‌వేర్ ఉంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అది కూడా పొరపడుతుంది. నిజాయతీగా కష్టపడ్డవాడి బొమ్మను ఏఐ అని ముద్ర వేస్తే ఆ మనిషి మళ్లీ ఆ పోటీ మొహం చూడడు. అందుకే అసలు ఫైలు అడగడమే నయం అన్న దారికి వస్తున్నారు. ఇదీ కొత్తదేం కాదు. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో 2015లో చివరిదానికి ముందు దశకు వచ్చిన ఫొటోల్లో దాదాపు 20 శాతం, అసలు ఫైళ్లతో పోల్చాక, తీసేయాల్సి వచ్చింది. అప్పటికి ఏఐ బొమ్మల గొడవే లేదు.

బొమ్మలోనే పుట్టుపూర్వోత్తరాలు దాచే ప్రయత్నం ఇంకోటి నడుస్తోంది. అడోబీ 2019లో మొదలుపెట్టిన ప్రయత్నం, 2021లో మైక్రోసాఫ్ట్, బీబీసీ లాంటివి కలిసి ఏర్పరచిన సీ2పీఏ అనే ప్రమాణం దీనికి ఆధారం. ఏ కెమెరాతో తీశారు, ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏం మార్చారు అన్నది ఫైలుతో పాటే సంతకంలా ప్రయాణిస్తుంది. 2023లో లైకా కంపెనీ ఇది ఉన్న కెమెరా కూడా తెచ్చింది. చిక్కల్లా, స్క్రీన్‌షాట్ తీసినా, మామూలుగా వాట్సాప్‌లో పంపినా ఆ సమాచారం ఊడిపోతుంది. అందువల్ల సంతకం ఉంటే పనికొస్తుంది గానీ, లేనంత మాత్రాన బొమ్మ దొంగదని అనడానికి లేదు. కొన్ని పోటీల రూల్స్ ఈ రెండింటినీ కలిపేస్తున్నాయి. అది సరైన పద్ధతి కాదు.

## ఫోన్‌లో చేసినవారి ఇబ్బంది

లేయర్లున్న పీఎస్‌డీ ఫైలు కావాలనే రూల్ పైకి అందరికీ సమానంగానే కనిపిస్తుంది. షాపులో కంప్యూటర్ మీద పనిచేసే డిజైనర్‌కి అది పెద్ద విషయం కాదు, ఎలాగూ పీఎస్‌డీ దాచుకుంటాడు. రేపు కస్టమర్ వచ్చి పేరు మార్చమంటే మళ్లీ కావాలి కదా. ఫోన్‌లో చేసేవారి సంగతి వేరు. పిక్సెల్‌ల్యాబ్‌లో పీఎల్‌పీ అనే సొంత ప్రాజెక్టు ఫైలు ఉంటుంది, దాన్ని ఫొటోషాప్ తెరవదు. స్నాప్‌సీడ్‌లో చేసిన మార్పులన్నీ వరసగా జాబితాలో కనిపిస్తాయి, వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఎవరికైనా పంపితే ఆ జాబితా వెంట రాదు.

అసలు ఫొటో విషయంలోనూ తిరకాసు ఉంది. ఇప్పటి ఫోన్ కెమెరా ఒక్కసారి నొక్కితే చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి, నీడల్లో వెలుగు పెంచి, నునుపు చేసి ఒక ఫొటోగా ఇస్తుంది. 'ఒకే ఎక్స్‌పోజర్ ఫొటో మాత్రమే వాడాలి' అని పాత కెమెరాలను మనసులో పెట్టుకుని రాసిన రూల్ దీనికి అతకదు. కొన్ని చోట్ల 'కెమెరా తనంతట తాను చేసినవి ఫర్వాలేదు, తర్వాత మీరు చేసినవి చెప్పండి' అని రూల్‌ను సవరిస్తున్నారు. ఫోన్ వాడేవారికి ఈ సవరణ ఎంతో మేలు.

మిత్రుడు తీసిన ఫొటో వాట్సాప్‌లో వస్తే దాన్నే సోర్స్‌గా వాడటం మనవైపు మామూలు. వాట్సాప్ ఫొటోను కుదించి, తీసిన తేదీ, కెమెరా వివరాలు తీసేస్తుంది. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపించుకుంటే అసలు ఫైలు చెక్కుచెదరకుండా వస్తుంది. ఎంట్రీ నిలబడుతుందా, తిరిగి వస్తుందా అన్నది ఇంత చిన్న తేడా మీద ఆధారపడుతోంది.

గడువు టైమ్ కూడా తరచూ తప్పే విషయం. అమెరికా తూర్పు ప్రాంతపు అర్ధరాత్రితో పోటీ ముగుస్తుందంటే మనకు చలికాలంలో ఉదయం 10:30, వాళ్లు గడియారం గంట ముందుకు జరిపే వేసవి నెలల్లో 9:30. మార్చి, నవంబరు నెలల్లో ఈ మార్పు జరుగుతుంది. ఎప్పటిలాగే పదింటికి అప్‌లోడ్ చేద్దామని కూర్చుంటే పోటీ అప్పటికే మూసేసి ఉంటుంది.

## ఓటు లెక్క మారితే

పోటీ సైట్లలో పాత పద్ధతి సగటు మార్కు. ఒకటి నుంచి పది దాకా వేస్తారు, సగటు ఎక్కువున్నది గెలుస్తుంది. దీని బలహీనత చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక బొమ్మకు నాలుగే ఓట్లు పడ్డాయి, నాలుగూ పదులే. సగటు 10. ఇంకో బొమ్మకు 60 ఓట్లు పడ్డాయి, సగటు 8.4. పాత లెక్కలో మొదటిది గెలుస్తుంది. ఆ నాలుగు ఓట్లూ ఇంట్లోవాళ్లవీ, పక్కింటివాళ్లవీ అయినా సరే.

కొత్త లెక్కలో ప్రతి బొమ్మకూ మొదటే కొన్ని మామూలు ఓట్లు పడ్డట్టు అనుకుంటారు. ఉదాహరణకు, మొత్తం పోటీ సగటు 6.5 అనుకుని, ప్రతి బొమ్మకూ 20 ఓట్లు ఆ మార్కుతో కలిపితే, మొదటి బొమ్మ 7.08కి దిగుతుంది, రెండోది 7.93 దగ్గర నిలబడుతుంది. స్థానాలు తారుమారయ్యాయి. బొమ్మలు మారలేదు, ఓటర్లూ మారలేదు. రూల్స్ పేజీలో ఒక్క అక్షరం మారకుండానే ఇది జరగొచ్చు. 'నాకు పది వచ్చింది, ఏడెలా అయింది' అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. ఈ లెక్క న్యాయమైనదే, కానీ దాన్ని పేజీ మీద చెప్పకుండా మార్చడం మాత్రం నిర్వాహకుల తప్పు.

ఎంట్రీ పెట్టగానే కాలేజీ గ్రూపులో, ఊరి గ్రూపులో, బంధువుల గ్రూపులో లింకు వేసి 'మనవాడికి ఓటెయ్యండి' అనడం మనకు బాగా అలవాటు. అందులో ప్రేమ ఉంది, మోసం చేద్దామన్న ఆలోచన చాలామందికి ఉండదు. అయినా ఆ ఓట్లు మిగతా బొమ్మలను చూడకుండా వేసినవి. డీపీఛాలెంజ్‌లో పోటీకి వచ్చిన వాటిలో కనీసం 20 శాతం ఎంట్రీలకు ఓటు వేస్తేనే ఆ సభ్యుడి ఓట్లు లెక్కలోకి వస్తాయి. వంద ఎంట్రీలుంటే ఇరవై చూసి మార్కులు వేయాలి. లింకు నొక్కి, ఒక్క పది వేసి వెళ్లిపోయే బంధువు ఓటు దానంతట అదే రాలిపోతుంది. ఎవరినీ నిందించకుండా పని జరిగిపోయే మంచి ఏర్పాటు ఇది.

మార్కులు మానేసి బొటనవేలు గుర్తుకు మారడం మరో ధోరణి. ఐదు నక్షత్రాలిస్తే జనం ఎక్కువగా ఐదే నొక్కుతున్నారని యూట్యూబ్ 2009లో చెప్పి, తర్వాత ఆ పద్ధతి వదిలేసింది. నెట్‌ఫ్లిక్స్ 2017లో నక్షత్రాలు తీసేసింది. వీడియో నచ్చిందా లేదా అనడానికి అది చాలు. ఎడిటింగ్ పోటీకి నప్పదు. ఆరు వచ్చిన బొమ్మకూ ఎనిమిది వచ్చిన బొమ్మకూ తేడా ఏమిటో తెలిస్తేనే నేర్చుకునేవాడు ఒక మెట్టు ఎక్కుతాడు. లైకులు మాత్రమే ఉంటే ఆ సంగతి తెలిసే దారి మూసుకుపోతుంది.

## పేజీ రూపం ఎవరిని పైకి తెస్తుంది

ఎంట్రీలు ఏ వరసలో కనిపిస్తాయన్నది అన్నిటికన్నా పెద్ద విషయం. ముందు పెట్టినవి ముందు కనిపిస్తే, మొదటి పేజీలో ఉన్నవాటికి ఎక్కువ చూపులు పడతాయి, చివరి పేజీ దాకా ఓపికగా వెళ్లేవాళ్లు తక్కువ. ఒక్కో ఓటరుకి ఒక్కో వరసలో చూపించే పద్ధతి దీనికి విరుగుడు. ఓటింగ్ అయ్యేదాకా పేర్లు, మార్కులు దాచడం దీనికి జోడు. రెడిట్‌లో కంటెస్ట్ మోడ్ పేర్లు దాచకపోయినా, వరస కలిపేసి స్కోర్లు దాచేస్తుంది. పేరున్న పాత విజేతకు అలవాటుగా పడే మార్కులు పేర్లు దాచడంతో తగ్గుతాయి.

జాబితాలో ముందుగా కనిపించే చిన్న బొమ్మల (థంబ్‌నెయిల్) సైజు తర్వాతి సంగతి. పాపికొండల మధ్య గోదావరిని అడ్డంగా సాగదీసి చేసిన వెడల్పాటి బొమ్మను చతురస్రపు గడిలో చూపిస్తే, మధ్యలో నీటి ముక్క తప్ప కొండలు రెండూ తెగిపోతాయి. ఫోన్ తెర నిలువు కాబట్టి నిలువు బొమ్మలకు చోటు దొరుకుతుంది. ఇన్‌స్టాగ్రామ్ కూడా 2025 జనవరిలో ప్రొఫైల్ గళ్లను చతురస్రం నుంచి నిలువుకు మార్చింది. పోటీ సైటు ఫోన్ కోసం రూపం మార్చుకున్నాక వెడల్పాటి దృశ్యాలు చేసేవారికి ఓట్లు తగ్గితే, వాళ్ల పనితనం తగ్గిందని అనుకోనక్కర్లేదు.

వెనక రంగు మరీ చిన్న విషయంలా కనిపిస్తుంది. తెల్లటి పేజీ మీద పెట్టిన మసక సాయంత్రం బొమ్మ మురికిగా కనిపిస్తుంది, అదే నల్ల పేజీ మీద వెలిగిపోతుంది. చుట్టూ ఉన్న రంగును బట్టి కన్ను వెలుగును అంచనా వేస్తుంది. తెల్ల పేజీ రోజుల్లో నేర్చుకున్నవారు బొమ్మను కాస్త ఎక్కువ వెలుగుతో పంపడం అలవాటు చేసుకున్నారు. సైటు డార్క్ మోడ్‌కి మారాక అవి కళ్లకు గుచ్చుకునేంత తెల్లగా ఉంటాయి. పంపే ముందు రెండు రంగుల మీదా పెట్టి చూసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

'ముందు-తర్వాత' జరుపుడు గీత వచ్చిన చోట ఇంకో మార్పు కనిపిస్తుంది. వేలితో గీత జరిపితే అసలు ఫొటో, మార్చిన ఫొటో పక్కపక్కన కనిపిస్తాయి. అందుకని పెద్ద మార్పులకు ఓట్లు పడతాయి. కోనసీమ కాలవ మీద కరెంటు తీగలు తీసేసి, నీళ్లలో వాటి నీడ కూడా గుర్తుపెట్టుకుని తుడిచిన ఓపిక ఆ గీతలో సరిగా కనిపించదు. నెమ్మదైన పనికి ఇది నష్టమే. సన్నటి పనికి విడిగా ఒక విభాగం పెట్టడం తప్ప దీనికి వేరే మందు లేదు.

రూపం ఒక్కసారిగా మార్చేస్తే ఏమవుతుందో, జనం పెట్టిన లింకులకు ఓట్లు పడే డిగ్ అనే సైటు చూపించింది. 2010 ఆగస్టులో కొత్త వెర్షన్ తెచ్చి, జనానికి అలవాటైనవి తీసేసింది. పాత సభ్యులు నిరసనగా మొదటి పేజీని రెడిట్ లింకులతో నింపేశారు, చాలామంది అటే వెళ్లిపోయారు. 2012లో సైటు అమ్ముడైపోయింది. పోటీల సైట్లకు నష్టం ఇంకో రకంగా కూడా ఉంటుంది. పాత విజేతల పేజీలు, వాటి కింద 'ఈ అంచు ఇలా చేశాను' అని రాసిన వివరాలు కొత్త డిజైన్‌లో లింకులు తెగి మాయమైపోతాయి. ఇన్‌స్టిట్యూట్‌కి ఫీజు కట్టలేక వాటిని చూసి నేర్చుకున్న పిల్లలకు అది బడి మూతపడినంత పని.

## ముందున్న రోజుల్లో

విభాగాలు విడిపోవడం ఖాయంగా కనిపిస్తోంది. చేత్తో చేసింది ఒకటి, ఏఐ సాయంతో చేసింది ఒకటి, పూర్తిగా ఏఐది మరొకటి. మధ్య విభాగంలోనే తగవులు ఎక్కువ వస్తాయి. స్కై రీప్లేస్‌మెంట్ సాయమా, పుట్టించడమా? మచ్చ తుడవడానికి వాడిన రిమూవ్ టూల్ సంగతేంటి? ఏ టూల్ ఏ గీతకు ఇవతల ఉందో పేర్లతో సహా రాసిన చోట గొడవలు తక్కువ ఉంటాయి. 'ఏఐ నిషేధం' అని రెండు మాటలతో సరిపెట్టిన చోట ప్రతి ఫలితం మీదా పంచాయితీ నడుస్తుంది. అందరికీ ఒకే ఫొటో ఇచ్చి, గంటా రెండు గంటల్లో పంపమనే పోటీలు కూడా పెరిగే అవకాశం ఉంది. ముగ్గుల పోటీకి అవే దగ్గర.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్‌ల దగ్గర తీసిన లక్షల ఫొటోలు పోటీలకు సోర్స్ అవుతాయి. స్నానం చేస్తున్న మనుషుల మొహాలు, పిల్లల మొహాలు వాడేటప్పుడు అనుమతి కావాలనే రూల్ ఇప్పటికే కొన్ని చోట్ల ఉంది, అప్పటికి ఇంకా గట్టిపడొచ్చు. ఎవరు తీసిన ఫొటోనో తెలియకుండా గ్రూపుల్లో తిరిగే బొమ్మలను వాడితే ఎంట్రీ తిరిగి వస్తుంది. సొంతంగా తీసుకున్నవారికి ఆ బాధ లేదు, ఫైలు దాచుకుంటే చాలు. ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందని కోటిపల్లి పంటు మీద నుంచి తీసిన ఆ మధ్యాహ్నపు ఫొటోను డిలీట్ చేసేస్తే, కొబ్బరాకు అంచు ఎంత శుభ్రంగా వచ్చినా, నీడలు ఎంత పొడుగ్గా సాగినా, రుజువు అడిగిన రోజున పంపడానికి ఏమీ ఉండదు.